జాదవ్ కేసు: హేగ్‌లో భారత్ ఏం అడిగింది, ఏం దక్కింది

పాకిస్తాన్ ఉరిశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాదవ్ కేసులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు రాగానే, 2019 జులై 17 సాయంత్రం మన టీవీ చానళ్లన్నీ భారత్ గెలిచిందన్నాయి. మర్నాడు పాకిస్తాన్ ప్రధాని కూడా కోర్టు నిర్ణయాన్ని మెచ్చుకున్నారు, జాదవ్‌ను విడుదల చేయమనలేదు కదా అని. తీర్పు పూర్తిగా చదివితే ఇద్దరి మాటల్లోనూ నిజం కనిపిస్తుంది. కాకపోతే వాటా సమానం కాదు, మనవైపే చాలా ఎక్కువ.

విదేశాల్లో అరెస్టయిన తెలుగువాళ్ల కేసులు చూడటం నా వృత్తిలో ఒక భాగం. గల్ఫ్ జైళ్లలో ఉన్నవాళ్ల కుటుంబాలే ఎక్కువగా వస్తుంటాయి. వాళ్ల కోసం ఎంబసీకి రాసే ప్రతి వినతిపత్రంలోనూ నేను ఆధారపడేది 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ అధికరణ మీదే. పరాయి దేశంలో అరెస్టయిన మనిషిని అతని దేశపు అధికారి కలిసే హక్కు ఇచ్చేది అదే. ఆ అధికరణకు దక్షిణాసియాలో జరిగిన అతిపెద్ద పరీక్ష జాదవ్ కేసు. అందుకే దీన్ని దేశభక్తి కథగా కాక, ఒక కేసు ఫైలుగా విప్పి చూపించాలని ఈ వ్యాసం.

ఫైలులో ఏముంది

పాకిస్తాన్ చెప్పేదాని ప్రకారం 2016 మార్చి 3న కుల్‌భూషణ్ జాదవ్‌ను బలూచిస్తాన్‌లో పట్టుకున్నారు. ఆయన భారత నౌకాదళ అధికారి అని, మన గూఢచార సంస్థ 'రా' తరఫున విధ్వంసాలకు పథకాలు వేశాడని ఆరోపణ. భారత్ మాట వేరు. ఆయన నేవీ నుంచి రిటైరై ఇరాన్‌లో వ్యాపారం చేసుకుంటున్నాడని, అక్కడి నుంచి ఎత్తుకుపోయారని మన వాదన. ఈ రెండింటిలో ఏది నిజమో హేగ్ కోర్టు తేల్చలేదు. తేల్చాల్సిన అవసరం కూడా దానికి రాలేదు. అది ఎందుకో అర్థమైతే ఈ కేసులో సగం అర్థమైనట్టే.

మార్చి 25న పాకిస్తాన్ ఈ అరెస్టు సంగతి ఇస్లామాబాద్‌లోని మన హైకమిషనర్‌కు చెప్పింది. అదే రోజు మన హైకమిషన్ ఆయన్ను కలవనివ్వాలని రాతపూర్వకంగా అడిగింది. దీన్నే కాన్సులర్ యాక్సెస్ అంటాం. పరాయి దేశంలో అరెస్టయిన మనిషిని అతని సొంత దేశపు దౌత్య అధికారి వెళ్లి కలవడం, మాట్లాడటం, లాయర్‌ను ఏర్పాటు చేయడం. ఆ తర్వాత పదిసార్లకు పైగా మళ్లీ అడిగారు. ఆ మధ్యలో, 2016 సెప్టెంబర్ 21న, ఫీల్డ్ జనరల్ కోర్ట్ మార్షల్‌లో, అంటే సైనిక కోర్టులో, విచారణ మొదలైంది. పెట్టిన చట్టాల్లో పాకిస్తాన్ ఆర్మీ యాక్ట్‌తో పాటు 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ కూడా ఉంది. బ్రిటిష్‌వాళ్లు చేసిపోయిన ఆ చట్టాన్ని రెండు దేశాలూ ఇంకా వాడుకుంటూనే ఉన్నాయి!

2017 జనవరిలో పాకిస్తాన్ నుంచి ఒక లేఖ వచ్చింది, దర్యాప్తులో తమకు సాయం చేయమని. మార్చి 21న ఇంకో నోట్ పంపింది. కాన్సులర్ యాక్సెస్ విషయాన్ని ఆ సాయంపై భారత్ ఎలా స్పందిస్తుందో దాన్నిబట్టి పరిశీలిస్తామని అందులో ఉంది. పాకిస్తాన్ కొంప ముంచింది ఈ ఒక్క వాక్యమే అని నా అభిప్రాయం. అప్పటిదాకా వాళ్లు జవాబివ్వకుండా నెట్టుకొచ్చారు. మౌనాన్ని జాప్యం అనొచ్చు, ఫైలు తిరుగుతోంది అనొచ్చు. కానీ షరతు పెడుతూ రాతపూర్వకంగా నోట్ ఇచ్చాక ఇక దాచడానికేం మిగల్లేదు. షరతుల్లేని హక్కుకు బేరం పెట్టినట్టు తమ కాగితమే ఒప్పుకుంది.

2017 ఏప్రిల్ 10న ఉరిశిక్ష ప్రకటించారు.

హేగ్‌కు వెళ్లే దారి ఏది

పొలం గట్టు తగాదాలో పక్కవాడి మీద కోర్టుకెళ్లాలంటే ఆయన ఒప్పుకోవాల్సిన పనిలేదు. సమన్లు వెళ్తే ఆయనే వస్తాడు. దేశాల విషయంలో అలా కుదరదు. ఎదుటి దేశం ఏదో ఒక రూపంలో ముందే ఒప్పుకుని ఉంటేనే అంతర్జాతీయ న్యాయస్థానానికి ఆ కేసు వినే అధికారం వస్తుంది. భారత్, పాకిస్తాన్ మధ్య ఆ ఒప్పుకోలు చాలా ఇరుకైనది. అలా ఇరుకు చేసుకున్నది కూడా ఎక్కువగా మనమే.

1999 ఆగస్టులో కచ్ ప్రాంతంలో పాకిస్తాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ను మన వాయుసేన కూల్చింది. అందులో ఉన్న 16 మందీ చనిపోయారు. పాకిస్తాన్ హేగ్‌కు వెళ్లింది. మనం చెప్పింది ఒకటే: కామన్‌వెల్త్ సభ్య దేశాలతో వచ్చే వివాదాలను ఈ కోర్టు వినడానికి మేం ఒప్పుకోలేదు, 1974 నాటి మా ప్రకటనలోనే ఆ మినహాయింపు ఉంది. 2000 జూన్ 21న కోర్టు 14-2 తేడాతో అది నిజమేనంది, కేసు అక్కడితో ఆగిపోయింది. గెలిచాం. కానీ అలా గెలిచిన దేశం 2017లో అదే కోర్టుకు అదే పొరుగు దేశం మీద కేసు పట్టుకెళ్లాలంటే ఆ పాత దారి పనికిరాదు.

మన విదేశాంగ శాఖ న్యాయ విభాగం ఇక్కడే మంచి పని చేసింది. వియన్నా కాన్సులర్ ఒప్పందానికి అనుబంధంగా ఒక ఐచ్ఛిక ప్రోటోకాల్ ఉంది. ఆ ఒప్పందం అన్వయంలో, అమలులో వివాదం వస్తే హేగ్ కోర్టుకు వెళ్లొచ్చని అది చెబుతుంది. పాకిస్తాన్ 1976లోనూ, భారత్ 1977లోనూ ఏ మినహాయింపూ పెట్టకుండా అందులో చేరాయి. కేసు మొత్తాన్ని ఆ ఒక్క ప్రోటోకాల్ మీద నిలబెట్టారు.

దానికో మూల్యం ఉంది. ఆ దారిలో వెళ్తే కాన్సులర్ ఒప్పందం గురించి తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. కిడ్నాప్ చేశారని, హింసించి వాంగ్మూలం తీసుకున్నారని, సైనిక కోర్టు కోర్టే కాదని వాదించుకుంటూ పోతే అవన్నీ ప్రోటోకాల్ పరిధి దాటిపోతాయి. నిజానికి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను కూడా మనవాళ్లు వాదనలోకి లాగాలని చూశారు. దాని మీద నిర్ణయం చెప్పే అధికారం తనకు లేదని కోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇంకో సంగతి. 2017 మార్చి 29న, అంటే ఉరిశిక్ష ప్రకటించడానికి పన్నెండు రోజుల ముందు, పాకిస్తాన్ హేగ్ కోర్టు అధికారాన్ని ఒప్పుకునే తన సాధారణ ప్రకటనను మార్చుకుంది. జాతీయ భద్రత విషయాలకు కొత్తగా మినహాయింపు పెట్టింది. ఎందుకు మార్చిందో నేను చెప్పలేను గానీ, తారీఖులు చూస్తే అనుమానం రాక మానదు. ఏదైతేనేం, మన కేసు ఆ ప్రకటన మీద ఆధారపడనే లేదు కాబట్టి ఆ మార్పు వాళ్లకు అక్కరకు రాలేదు.

పది రోజుల్లో స్టే

2017 మే 8న దరఖాస్తు వేశారు. 15న రెండు పక్షాలూ వాదించాయి. మనవైపు లాయర్ హరీశ్ సాల్వే, ఫీజు ఒక్క రూపాయి. తుది తీర్పు వచ్చేదాకా జాదవ్‌ను ఉరితీయకుండా చూడాలని 18న కోర్టు ఏకగ్రీవంగా ఆదేశించింది.

ఈ ఆదేశం విలువ తెలియాలంటే అమెరికా కథ తెలియాలి. ఇదే ఒప్పందం కింద, ఇదే కోర్టులో అమెరికా మీద వరసగా మూడు కేసులు పడ్డాయి. 1998లో పరాగ్వే తన పౌరుడి మరణశిక్ష ఆపమని వెళ్లింది. కోర్టు ఆపమంది, వర్జీనియా రాష్ట్రం శిక్ష అమలు చేసేసింది. 1999లో జర్మనీ ఇద్దరు లాగ్రాండ్ సోదరుల కోసం వెళ్లింది. అప్పటికే ఒకరికి శిక్ష అమలైపోయింది. రెండో సోదరుడి శిక్ష ఆపమని కోర్టు మార్చి 3న ఆదేశమిచ్చింది, అదే రోజు అరిజోనాలో అతన్నీ చంపేశారు. జర్మనీ అంతటితో ఊరుకోలేదు, మనుషులు పోయినా కేసు కొనసాగించింది. 2001లో వచ్చిన తీర్పులో కోర్టు మొట్టమొదటిసారిగా తేల్చి చెప్పింది: మా తాత్కాలిక ఆదేశాలు సలహాలు కావు, కట్టుబడి తీరాల్సినవి. మూడోది మెక్సికో వేసిన కేసు. యాభై మందికి పైగా మెక్సికన్ల విషయంలో 36వ అధికరణను ఉల్లంఘించారని 2004లో తీర్పు వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా ఆ ఐచ్ఛిక ప్రోటోకాల్ నుంచి తప్పుకుంది. 2008లో ఆ జాబితాలోని ఒకరికి టెక్సస్ మరణశిక్ష అమలు చేసింది.

అంతర్జాతీయ చట్టం వల్ల ఏమవుతుందండీ అని పెదవి విరిచేవాళ్లు చూపించే ఉదాహరణలు ఇవే. నేను కాదనను. కానీ అదే వరసలో జాదవ్ కేసును పెట్టి చూడండి. అణ్వాయుధాలున్న దేశం, శత్రువుగా చూసే పొరుగుదేశపు మనిషి, గూఢచారి అనే ముద్ర, సైన్యమే వేసిన శిక్ష, స్వదేశంలో ఉరి తీయాలన్న అరుపులు. ఇన్ని ఉండి కూడా పాకిస్తాన్ ఆ ఆదేశాన్ని మీరలేదు. జర్మనీ ఇద్దరు మనుషుల్ని పోగొట్టుకుని సంపాదించిన సూత్రం పదహారేళ్ల తర్వాత మనకు పనికొచ్చింది.

అద్దం అవతల

2017 డిసెంబర్ 25న జాదవ్ తల్లిని, భార్యను ఇస్లామాబాద్ రానిచ్చారు. మధ్యలో అద్దం, ఇంటర్‌కామ్‌లో మాటలు. తల్లిని మరాఠీలో మాట్లాడనివ్వలేదని, భార్య మంగళసూత్రం, బొట్టు తీయించారని, ఆమె చెప్పులు తిరిగి ఇవ్వలేదని మన విదేశాంగ శాఖ నిరసన తెలిపింది. మన దౌత్య అధికారి అక్కడే ఉన్నా ఆయనకు జాదవ్‌తో మాట్లాడే అవకాశం ఇవ్వలేదు.

ఈ ఘట్టాన్ని మీడియా కన్నీళ్ల కోణంలోనే చూపించింది. లాయర్‌కు కనిపించేది వేరు. కుటుంబం కలవడం వేరు, కాన్సులర్ యాక్సెస్ వేరు. మొదటిది దయ, రెండోది హక్కు. తల్లికి కేసు కాగితాలు అడిగే అధికారం లేదు, లాయర్‌ను పెట్టే అధికారం లేదు, జైలు పరిస్థితి మీద అధికారికంగా నోట్ రాసే అధికారం లేదు. నా దగ్గరికొచ్చే కుటుంబాలు కూడా ఇక్కడే పొరబడతాయి. జైలు నుంచి ఫోన్ వచ్చింది, బాగానే ఉన్నాడట అని ఎంబసీని అడగడం మానేస్తారు. ఫోన్‌లో తమ్ముడు బాగున్నానంటాడు, పెట్టిన సెక్షన్ ఏమిటో, తీర్పు కాపీ ఏ భాషలో ఉందో, అప్పీలు గడువు ఎప్పటికో అతనికే తెలియదు.

పాకిస్తాన్ వాదనలు, కోర్టు జవాబులు

2019 ఫిబ్రవరి 18 నుంచి నాలుగు రోజులు తుది వాదనలు జరిగాయి. పుల్వామా దాడి జరిగి అప్పటికి నాలుగు రోజులే.

గూఢచారులకు 36వ అధికరణ వర్తించదన్నది పాకిస్తాన్ ప్రధాన వాదన. కోర్టు ఒప్పందం పాఠం తీసి చూసింది, అలాంటి మినహాయింపు ఎక్కడా లేదంది. ఇది చాలా సబబైన జవాబు. గూఢచారి అని ముద్ర వేస్తే చాలు హక్కు పోతుందంటే, అరెస్టు చేసిన దేశం ఆ ముద్ర వేయకుండా ఎందుకు ఉంటుంది? అసలు అతను గూఢచారో కాదో తేలడానికే కదా ఆ హక్కు.

జాతీయత రుజువు కాలేదని, వేరే పేరుతో ఉన్న పాస్‌పోర్ట్ దొరికిందని రెండో వాదన. ఇది నాకు నవ్వొచ్చే వాదన. ఒకవైపు భారత ప్రభుత్వం పంపిన ఏజెంట్ అని ప్రపంచమంతా చాటుతూ, ఇంకోవైపు అతను భారతీయుడో కాదో తెలియదనడం! రెండు దేశాలూ అతన్ని భారతీయుడిగానే చూశాయని కోర్టు ఒక్క మాటలో తోసేసింది.

మూడోది మాత్రం గట్టి వాదన. 2008లో రెండు దేశాలూ ఖైదీల విషయమై కాన్సులర్ యాక్సెస్ ఒప్పందం ఒకటి చేసుకున్నాయి. ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకునేది దాని కిందే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లి 2018 నవంబర్‌లో పాకిస్తాన్‌కు చిక్కారు గుర్తుందా? వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు. పొరపాటున సముద్ర సరిహద్దు దాటే అలాంటివాళ్ల పేర్లు ఎక్కేది ఆ జాబితాల్లోనే. అయితే ఆ ఒప్పందంలో ఒక వాక్యం ఉంది: రాజకీయ, భద్రతా కారణాలతో అరెస్టయితే ఆ కేసును ఎవరికి వారు దాని యోగ్యతను బట్టి పరిశీలించుకోవచ్చని. ఇదిగో, మీరే సంతకం పెట్టారు కదా అని పాకిస్తాన్ నిలదీసింది. కోర్టు అందుకు ఒప్పుకోలేదు. వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కులను దేశాలు తమలో తాము పెంచుకోవచ్చు, బలపరుచుకోవచ్చు, తగ్గించుకున్నట్టు ఆ వాక్యాన్ని చదవలేమంది. మన మత్స్యకారులకు కూడా ఇది ముఖ్యమైన మాట. సముద్రంలో దొరికిన మనిషి మీద రేపు ఎవరైనా భద్రత అనే ముద్ర వేస్తే, 2008 ఒప్పందం అడ్డుపెట్టి అతని హక్కును కాదనే వీలు ఇక లేదు.

అరెస్టైన మూడు వారాలకు గానీ కబురు చేయకపోవడం కూడా ఉల్లంఘనే అని తేల్చింది. పాకిస్తాన్ మార్చి 21 నాటి నోట్‌లో పెట్టిన షరతుకు సమర్థన లేదంది. అధికార పరిధి మీద ఏకగ్రీవం, మిగతా అంశాల మీద 15-1. ఆ ఒక్కరూ పాకిస్తాన్ నియమించిన తాత్కాలిక న్యాయమూర్తి. చైనా న్యాయమూర్తి షుయే హాన్‌చిన్ మెజారిటీతోనే ఉన్నారు. ఇలాంటి కోర్టుల్లో ఎవరి దేశం ఎటో అటే ఓటు పడుతుందనుకునేవాళ్లు ఆ ఒక్క ఓటైనా చూడాలి.

అడిగింది ఎక్కువ, ఇచ్చింది తక్కువ

భారత్ శిక్ష రద్దు చేయమంది, విడుదల చేసి సురక్షితంగా పంపమంది. కోర్టు ఇవ్వలేదు. దాని లెక్క ఇది: ఉల్లంఘన జరిగింది కాన్సులర్ హక్కులో, కాబట్టి పరిహారం కూడా అంతమేరకే. హక్కు లేకపోవడం వల్ల విచారణ ఎంత దెబ్బతిన్నదో పాకిస్తానే తన పద్ధతిలో సమీక్షించి పునఃపరిశీలించాలి, అవసరమైతే అందుకు చట్టం చేయాలి, అది పూర్తయ్యేదాకా ఉరి ఆగి ఉండాలి. లాగ్రాండ్, మెక్సికో కేసుల్లో ఇచ్చిన పరిహారమే కొద్ది తేడాలతో ఇక్కడా ఇచ్చింది.

మనవాళ్లు ఆ పెద్ద కోరిక అడగకుండా ఉండాల్సిందా? అడగడంలో తప్పులేదు, స్వదేశంలో ప్రజలకు జవాబు చెప్పుకోవాలి కదా. అయితే పాత తీర్పులు చదివిన ఏ లాయర్‌కైనా అది రాదని ముందే తెలుసు. కేసును నిలబెట్టింది 'కలవనివ్వండి' అన్న చిన్న కోరికే. ఎవరు దోషి అన్న ప్రశ్నలోకి దిగితే పదహారు మంది న్యాయమూర్తులు ఎన్ని ముక్కలయ్యేవారో చెప్పలేం.

తర్వాత జరిగింది వేగంగా చెప్పుకోవచ్చు. 2019 సెప్టెంబర్ 2న మొదటిసారి మన అధికారి జాదవ్‌ను కలిశారు. 2020 మేలో పాకిస్తాన్ సమీక్ష కోసం ఆర్డినెన్స్ తెచ్చింది. సమీక్ష కోరడానికి జూన్‌లో జాదవ్ నిరాకరించాడని వాళ్లే ప్రకటించారు. జులై 16న రెండోసారి కలవనిచ్చారు గానీ, స్వేచ్ఛగా మాట్లాడనివ్వలేదని మనవాళ్లు నిరసన చెప్పి బయటికి వచ్చేశారు. భారత లాయర్‌ను పెట్టుకుంటామంటే కుదరదన్నారు, కేసు ఇస్లామాబాద్ హైకోర్టులో లాయర్ నియామకం దగ్గరే చిక్కుకుంది. 2021 నవంబర్‌లో ఆ ఆర్డినెన్స్ చట్టమైంది. కోర్టు చెప్పినట్టు చట్టం వచ్చింది, కానీ హేగ్ ఉద్దేశించిన సమీక్ష జరగలేదు. మనిషి బతికి ఉన్నాడు, జైల్లోనే ఉన్నాడు. తీర్పు పాటించకపోతే భద్రతామండలికి వెళ్లొచ్చని ఐరాస చార్టర్ 94వ అధికరణ చెబుతుంది. అక్కడ వీటో ఉంది. 1986లో నికరాగ్వా గెలిచిన తీర్పును అమలు చేయించుకోబోతే అడ్డుపడింది అదే, ఓడిపోయిన అమెరికా వేసిన వీటో.

నా బల్ల మీద ఈ తీర్పు

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తల్లి నన్నడిగింది, "సారూ, గా పెద్ద కోర్టుల మనోల్లు కేసేస్తె మా పోరణ్ని ఇడిచిపెడ్తరా?" అని. "ఇడిచిపెట్టరమ్మా," అన్నాను. "కానీ మనవాళ్లు పోయి కలవకుండా మాత్రం ఆపలేరు." అది చిన్న మాటగా వినిపించి ఆమె ముఖం వాడిపోయింది. కాసేపాగి, "అయితే గదన్న రాయి సారూ," అంది.

హేగ్‌కు వెళ్లేది దేశాలు, మనం కాదు. ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరని దేశంతో ఆ దారీ ఉండదు. కానీ 36వ అధికరణ గల్ఫ్ దేశాలన్నిటికీ వర్తిస్తుంది, జాదవ్ తీర్పు దాని అర్థాన్ని ఖాయం చేసింది. నేను వినతిపత్రంలో విడుదల చేయించండి అని మొదలుపెట్టను. అధికారి వెళ్లి కలవాలి, అభియోగ పత్రం, తీర్పు ఉంటే దాని కాపీ తేవాలి, అప్పీలు గడువు రాతపూర్వకంగా చెప్పాలి, దుబాసీ ఉన్నాడో లేదో కనుక్కోవాలి అని అడుగుతాను. ఏ తేదీన అడిగామో, ఏ తేదీన జవాబొచ్చిందో ఒక కాగితం మీద వరసగా రాసిపెడతాను. జాదవ్ కేసులో కూడా చివరికి కోర్టు ముందు నిలబడినవి తారీఖులు, నోట్‌లే.

ఇంటివాళ్లు తేవాల్సింది పాస్‌పోర్ట్ కాపీ, వీసా కాపీ, కంపెనీ పేరు, ఆఖరిసారి ఫోన్ వచ్చిన తేదీ, జైలు పేరు తెలిస్తే అది. వీటితో విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబర్ వేసి ఎంబసీకి విడిగా మెయిల్ పంపాలి. పాస్‌పోర్ట్ కాపీ లేకపోతే పాస్‌పోర్ట్ ఆఫీసులో పాత ఫైలు నంబర్ దొరుకుతుంది, ఆధార్ పేరుకూ పాస్‌పోర్ట్ పేరుకూ తేడా ఉంటే ఆ సంగతి మొదటి మెయిల్‌లోనే రాయాలి. జైలు రికార్డులో ఇంటిపేరు ఒకలా, ఇక్కడ ఇంకోలా ఉండి, ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరన్న జవాబుతో నెలలు గడిచిపోయిన కేసులు చూశాను.